ఎనిమిది అని రాసిన సీసా

ఫిబ్రవరి రెండో శనివారం. ఉదయం తొమ్మిదింపావు. ఉప్పల్‌లో అక్కవాళ్ల ఇంటి వాకిలి.

హాజరైనవారు: అక్క. బావ. నేను. మోటారు సైకిలు ఒకటి. దాని సైడ్ కారు, విడిగా, ఆరు ఇటుకల మీద.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మనుషులతోపాటు సామాన్లకు కూడా హాజరు వేయడం నాకు ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు. నాచారంలో ఒక ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ముప్పై నాలుగేళ్లు కొలత గేజ్‌లు చూసుకున్నాను. ఏ గేజ్ ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చారు, తెచ్చినప్పుడు ఎలా ఉంది, ఇవన్నీ రాయడమే నా పని. రిటైరైన రోజు గేజ్‌లు అక్కడే ఉండిపోయాయి. రాయడం మాత్రం నాతో ఇంటికొచ్చింది.

ముందు బండి సంగతి చెప్పాలి. బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాడు. కొనేనాటికే అది పాతది, దేశంలో కొలతలన్నీ అంగుళాల్లో ఉన్న రోజుల్లో తయారైనది. పెళ్లయి వచ్చిన అక్క వెనక సీటు మీద ఒక పక్కకు కాళ్లు పెట్టి కూర్చోనని ఖచ్చితంగా చెప్పేసింది. "నేనేమన్న సంచినా, ఎనక కట్టుకొని పోనీకి?" అంది. దాంతో బావ ఎక్కడో వెతికి ఆ బండికే సరిపోయే సైడ్ కారు ఒకటి పట్టుకొచ్చి తగిలించాడు. అక్క దానికి తొట్టి అని పేరు పెట్టింది. ఇప్పటికీ అందరం తొట్టి అనే అంటాం.

పదకొండేళ్ల కింద తొట్టి అడుగు తుప్పు పట్టి, అక్క చెప్పు ఒకటి సరాసరి రోడ్డు మీద పడింది. బావా నేనూ కలిసి తొట్టిని విప్పాం. నాచారంలో రేకుల పని చేసే ఆయన కొత్త అడుగు వేసి నాలుగు నెలలకు తిరిగిచ్చాడు. ఇటుకల మీద పెట్టాం. పెట్టినది పెట్టినట్టే ఉంది. బావ మాత్రం ప్రతి ఆదివారం ఇంజను స్టార్ట్ చేసి, గల్లీ మొత్తానికి పొగ పంచి, గుడ్డతో తుడిచి కప్పేసేవాడు. తొట్టి ఎప్పుడు బిగిస్తావంటే వచ్చే ఆదివారం అనేవాడు.

ఆ ముందటి వారం అక్క తీర్పు చెప్పేసింది. ఆమెకు కుట్టు మిషను పెట్టుకోవడానికి వెలుతురున్న జాగా కావాలి. ఇంట్లో వెలుతురున్న జాగా తొట్టి కింద ఉంది.

"ఆదివారం పొద్దుగాల నేను తొట్ల కూసుంట. ఏఎస్ రావు నగర్ పోయి కూరగాయలు తెచ్చుకుందాం. బండి దాని చక్రాల మీద అదే ఇంటికొస్తే ఇంట్లనే ఉంటది. ట్రాలీ ఆటో ఎక్కి వస్తే ఇంట్లకు దింపేది లేదు. అట్నుంచి అటే పాత సామాన్ల దుకాణానికి. ఆయనకు ఫోను గూడ జేసిన. పది గంటలకు వస్తడు."

అక్క మాట అంటే మాటే. బావ ఆ రోజే నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నా బండి నీ సీసాల ఉన్నది. తీస్కొని రా."

అది నిజమే. తొట్టి విప్పిన రోజు బోల్టులన్నీ ఒక నూనె డబ్బాలో వేసి, జాగ్రత్తగా పెట్టమని బావ నాకు అప్పగించాడు. జాగ్రత్త అన్న మాట నా చేతికి ఇవ్వకూడదు. తర్వాతి ఏడు తీరిక చూసుకుని, ఆ బోల్టులను కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాన్నీ వెర్నియర్‌తో కొలిచాను. మా ఇంట్లో ఉన్న బోల్టులనూ అప్పుడే కొలిచాను. ఏ లావుది ఆ సీసాలో వేసి, మూతల మీద అంకెలు అంటించాను. అయిదు, ఆరు, ఎనిమిది, పది. అన్నీ మిల్లీమీటర్లు. ఇరవై నాలుగు సీసాలు ఒకే వరసలో నిలబడితే చూడడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో మా ఇంటికొచ్చిన ప్రతివారికీ చూపించాను. చూసినవారు రెండోసారి రావడం తగ్గింది.

తొట్టి ముందు భాగాన్ని బండి ఫ్రేముకు పట్టి ఉంచేది ఒక ఇనప క్లాంపు. రెండు ముక్కలు. గొట్టానికి ఇటొకటి అటొకటి పెట్టి నాలుగు బోల్టులు బిగించాలి. నట్టు ఉండదు, అవతలి ముక్కలోనే మర కోసి ఉంటుంది. వెనక వైపు బోల్టులు పెద్దవి, వేటితోనూ కలవనివి. అవి వెంటనే దొరికాయి, పది గంటలకల్లా బిగిశాయి. ఇక ముందు నాలుగే.

రంధ్రం కొలిచి, నాతో ఆటోలో తెచ్చిన ఇరవై నాలుగు సీసాల్లో ఎనిమిది అని రాసినది తెరిచి, మంచి బోల్టు ఒకటి చూసి బావకు అందించాను. బావ వేళ్లతో తిప్పాడు. మూడు చుట్లు చక్కగా వెళ్లింది. తర్వాత ఆగిపోయింది.

"పోతలేదు" అన్నాడు.

"తుప్పు ఉంటుంది బావా. పానా వెయ్యి."

"తుప్పు గాదు. ఇది దీనిది గాదు."

"సీసా మీద ఎనిమిది అని ఉంది."

"సీసా మీద ఉన్నది. రంధ్రం మీద లేదు గదా."

బావకు డెబ్భై ఆరేళ్లు. ఆయన వేళ్లకు అంతకంటే ఎక్కువ వయసు. మర సరిపడిందా లేదా అన్నది ఆ వేళ్లకు మూడో చుట్టులోనే తెలిసిపోతుంది. నాకు తెలియదు. నాకు వెర్నియర్ ఉంది. నేనే పదమూడో నంబరు పానా వేసి, ఇనప గొట్టం తొడిగి గట్టిగా తిప్పుదామని లేచాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"జర ఆగు. గట్ల బలవంతం జేస్తే లోపలి మర కొట్టుకపోతది. గిసుంటి క్లాంపు మల్ల యాడ దొరకది. గప్పుడు నేను, బండి ఇద్దరం ట్రాలీల పోతం."

ఇంకొకటి తీశాను. మూడు చుట్లు. మరొకటి. మూడు చుట్లు. నాలుగోది మాత్రం గిర్రున చివరిదాకా వెళ్లిపోయింది. బావా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అదే సీసా, అదే లావు. వెర్నియర్ పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ వెళ్లిన బోల్టును బిగించబోతే మరో వింత. పదమూడు పానా దాని తలకు ఎక్కలేదు. పద్నాలుగు పెడితే ఎక్కింది గానీ తల చుట్టూ వదులుగా తిరిగింది.

అక్క మూడోసారి టీ తెచ్చింది. అప్పటికి వాకిట్లో ఆరు బోల్టులు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి, వాటి తలాపున నేను డైరీ పట్టుకుని కూర్చున్నాను.

"ఏందిరా తమ్మీ, వాటికి జరమా? నాడి సూస్తున్నవా?"

"కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి అక్కా. బోల్టే పోవడం లేదు."

"నీ కొలత మంచిదే. బోల్టుకే బుద్ధి లేదు, అంతేనా?"

బావ టీ గ్లాసు వెనక నవ్వు దాచుకున్నాడు. సరిగ్గా దాచుకోలేదు.

అప్పుడు నాకు మెల్లగా వెలిగింది. మా ఫ్యాక్టరీ మొదటి నుంచీ మిల్లీమీటర్లది. అంగుళాల గేజ్‌లు ఒక బీరువాలో ఉండేవి, ఏడాదికోసారి వాటికి నూనె రాసి తాళం వేసేవాణ్ని. అంటే అంగుళాలతో నా పరిచయం నూనె వరకే. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి అందులో అయిదు తీసుకుంటే ఆ లావు దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. బయటి లావులో తేడా దొరకదు. తేడా అంతా మర పళ్ల మధ్య దూరంలో ఉంటుంది. అది కొలవడానికి దువ్వెన లాంటి గేజ్ ఒకటి ఉంటుంది. నా దగ్గరున్న దువ్వెన మిల్లీమీటర్లది. పైగా నాలుగు రకాల అంగుళం మరలు ఉండేవని విన్నాను. వెళ్లిన బోల్టు ఒక్కటి ఉంది, మాదిరిగా పెట్టుకోవచ్చు. కానీ అది పాత డబ్బాలోదేనా, నిజంగా ఈ క్లాంపుదేనా, లేక వదులుగా ఉండి ఊరికే దిగిపోయిందా? అక్కను కూర్చోబెట్టే తొట్టి విషయంలో ఊరికే దిగిపోయింది అనుకుని ఊరుకోలేను.

ఈ మాటే పైకి అన్నాను. అక్క ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, తలెత్తకుండా అంది.

"తొట్టి విప్పిన దినం నల్ల కాయితం మీద దొర్లించినవు గదా బోల్టులను. గది యాడ వాయె?"

"నల్ల కాగితమా?"

"కార్బన్ కాయితంరా. బోల్టుకు మసి అంటిచ్చుడు, డైరీల దొర్లిచ్చుడు. గా చేతులు పెట్టి నా తెల్ల దుప్పటి ఖరాబు జేసినవు. ఇయ్యాల్టిదాక ఆ మరక పోలే. తెస్తనాగు, సూపిస్త."

దుప్పటి తేనక్కర్లేదన్నాను. దుప్పటి గుర్తు రాగానే బోల్టు గుర్తొచ్చింది. నిజమే, దొర్లించాను. మసి పూసిన మరను కాగితం మీద ఒత్తి దొర్లిస్తే సన్నటి గీతలు పడతాయి. పళ్లెన్నో కంటితో లెక్కపెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలో పాత మేస్త్రీ ఒకాయన నేర్పిన పద్ధతి. నేను రాసి పెట్టాను, రాసి పెట్టినట్టు మర్చిపోయాను. బండిని వదిలించుకోవాలన్న మనిషికి మాత్రం గుర్తుంది. అక్క అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాచారంలో ఇంటికి ఫోన్ చేశాను. మంచం కింద రెండో ట్రంకు పెట్టెలో పదకొండేళ్ల కిందటి డైరీ తీయమన్నాను.

"ఏం రంగు?" అంది నా భార్య.

"అన్నీ నల్లవే."

"ఇందులో ఇరవై ఉన్నయి. అన్నిటి మీద పోయిన జన్మ సంది పట్టిన దుమ్మున్నది."

అరగంటకు పేజీ దొరికింది. ఫోటో తీసి పంపమన్నాను. పంపింది. ఫోన్ తెర మీద నల్లటి గీతలు చక్కగా కనిపించాయి. నేను కళ్లజోడు సవరించుకుని, బోల్టు తీసి ఆ గీతల మీద ఆనించాను. సరిపోలేదు. బావ తన చూపుడు వేలూ బొటనవేలూ తెర మీద పెట్టి ఫోటోను కొంచెం పెద్దది చేశాడు.

"ఇప్పుడు సరిపోయింది సూడు."

ఇంకొంచెం పెద్దది చేశాడు.

"ఇప్పుడు ట్రాక్టరు బోల్టుకు గూడ సరిపోతది."

ముప్పై నాలుగేళ్లు గేజ్‌లు చూసిన మనిషి ఫోన్ ఫోటో మీద బోల్టు పెట్టి కొలవబోయాడన్న సంగతి ఇప్పటికి ఉప్పల్ గల్లీలో సగం మందికి తెలుసు. మిగిలిన సగానికి బావ తీరిక చూసుకుని చెబుతాడు.

డైరీనే రావాలి. నా భార్య ఆటోలో తీసుకొచ్చింది. హాజరు పట్టికలో ఆమె పేరు పన్నెండున్నరకు చేర్చాను. గేటు సందులోంచి పక్కకు తిరిగి లోపలికొచ్చింది, ఎందుకంటే ఆ గేటుకు రెండు రెక్కలున్నా ఒకటే తెరుచుకుంటుంది. రెండోదాన్ని పదేళ్లుగా తీగతో స్తంభానికి కట్టేసి ఉంచారు. వచ్చీ రాగానే చెప్పులు విడవకుండానే నన్ను చూసింది.

"నా సర్వపిండి గట్టిగ ఉన్నదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె డైరీ తెరిచి అందరికీ వినబడేలా చదివింది. దారి పొడవునా చదువుకుంటూ వచ్చినట్టుంది.

"మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లో. పప్పు బాగుంది. నా భార్య తెచ్చిన సర్వపిండి గట్టిగా ఉంది. బావ రెండు ముక్కలు తిని, మూడోది జేబులో పెట్టుకున్నట్టు నటించి కుక్కకు వేశాడు."

"నేనెయ్యలే చెల్లె!" అన్నాడు బావ. "కుక్కనే గుంజుకున్నది."

"అదంతా తర్వాత" అని డైరీ అందుకోబోయాను.

"ఆగు. అసలుది ముంగట ఉన్నది" అని ఆమె వేలు కిందికి జరిపింది. "వదినే, మీరు గూడ ఇనుండ్రి. క్లాంపు బోల్టులు నాలుగు. మర అర అంగుళానికి పదకొండు గీతలు. మిల్లీమీటర్ మర అయితే పది వచ్చేది. ఇవి అంగుళానివి. నా బోల్టులతో కలపరాదు."

కలపరాదు అన్న మాట కింద రెండు గీతలున్నాయి. స్కేలు పెట్టి గీసిన గీతలు. నా చేతివే.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావకు ఆ మర్యాద కూడా లేదు, స్తంభానికి ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"ఇగో బామ్మర్దీ, రాసినోడు నువ్వే, కలిపినోడు నువ్వే. మధ్యల ఏం జరిగింది?"

ఏమీ జరగలేదు. అదే జరిగింది. రాయడం నా అలవాటు, తిరిగి చదవడం కాదు. మరుసటి ఏడు వెర్నియర్ పట్టుకుని కూర్చున్నప్పుడు డైరీ చూడాలన్న ఆలోచనే రాలేదు. ఎక్కడో ఒకచోట రాసి పెట్టానన్న ధీమా ఒక్కటే ఉంది. నాకు కొలవడం రాకపోయి ఉంటే ఆ బోల్టులు నూనె డబ్బాలోనే ఉండేవి. బావ తన బండిని ఏనాడో బిగించుకునేవాడు.

ఎనిమిది సీసాను పాత న్యూస్ పేపరు మీద బోర్లించాం. అరవై మూడు బోల్టులు. ఒక్కోదాన్నీ డైరీ గీతల మీద ఆనించి, పళ్లు గీతల్లో కూర్చుంటే ఇటు, కూర్చోకపోతే అటు. నేను మొదటి అయిదింటికి పావుగంట తీసుకున్నాను. అక్కా నా భార్యా చేటలో బియ్యం ఏరేవాళ్లలా చెరో పక్కా కూర్చున్నారు. మొదట గీతల మీద పెట్టి చూశారు. తర్వాత అక్క కనిపెట్టింది. సరైన బోల్టును ఒక చేత్తో పట్టుకుని, రెండో బోల్టును దాని పక్కన ఆనించి ఎండకు చూపిస్తే చాలు. రెండిటి పళ్లూ ఒకదాంట్లో ఒకటి దిగి మధ్యలో వెలుతురు రాకపోతే అవి ఒకే జాతి. సందులోంచి వెలుతురు కనబడితే వేరు.

"గింతే గదరా?" అంది.

"అంతే అక్కా."

"దీనికి ముప్పై నాలుగేండ్లు జీతమిచ్చిండ్రా?"

అరవై మూడూ ఏరడానికి ఇద్దరికీ ఇరవై నిమిషాలు పట్టింది. అందులో సగం టైము సర్వపిండి ముచ్చటకు పోయింది.

సరైనవి మూడు తేలాయి. పొద్దున గిర్రున దిగింది వాటిలో ఒకటి. అది అన్ని గీతల్లో కూర్చుంది, అనుమానం తీరింది. నాలుగోది లేదు.

మూడింటినీ బిగించడానికి పానా కావాలి. పదమూడు ఎక్కదు, పద్నాలుగు తిరుగుతుంది. బావ లోపలికెళ్లి బండితోపాటు వచ్చిన పాత కిట్టు తెచ్చాడు. కాన్వాసు గుడ్డలో చుట్టిన పానాలు. అందులో ఒకదానికి దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉంది. బావ దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"ముద్ర తప్పు. వాడరాదు."

మళ్లీ నా చేతివ్రాతే. పానా మీద అయిదు బై పదహారు అని ముద్ర కొట్టి ఉంది. నోరు కొలిస్తే పదమూడుకు పైన వచ్చింది. అయిదు బై పదహారు ఎక్కడ, ఇది ఎక్కడ, కొట్టినవాడెవడో తప్పు కొట్టాడు అని నిర్ణయించి, పదేళ్ల కింద నేనే అట్ట కట్టాను. ఇప్పుడు చేతిలో అదే లావు బోల్టు ఉంది. పానా పెట్టాను. తల మీద టక్కున కూర్చుంది, ఇటు కదలదు, అటు కదలదు. ఆ కాలపు పానాల మీద నోటి కొలత వేసేవారు కాదు. అది ఏ లావు బోల్టుకో ఆ లావు వేసేవారు. ముద్ర తప్పు కాదు. అట్ట తప్పు.

"పానాకు తెలుసు" అన్నాడు బావ. "నిన్ను సూసి ఎందుకులే అని ఊకున్నది."

మూడు బోల్టులు సాఫీగా దిగాయి. నాలుగో రంధ్రం ఖాళీగా మా వంక చూస్తూ ఉంది. మిగిలిన ఇరవై మూడు సీసాలూ బోర్లించాం. లేదు. నా భార్య పక్కింటి ఆమెకు ఫోన్ చేసి, ఆమె దగ్గరుంచిన తాళంచెవితో మా ఇల్లు తీయించి బల్ల సొరుగు కూడా వెతికించింది. లేదు. సాయంత్రం నాలుగున్నర అయింది. అలాంటి బోల్టు దుకాణంలో అడిగితే నేను పొద్దున చేసినట్టే ఎనిమిది ఇస్తారు. లేతు మిషను మీద చేయించాలంటే సోమవారం దాకా ఆగాలి. అక్క గడువు ఆదివారం పది గంటలు.

"మూడు చాలవా?" అన్నాడు బావ. అడిగింది నన్ను కాదు, క్లాంపును.

"చాలవు బావా."

"గల్లీల మెల్లగ పోతె?"

నేను జవాబు చెప్పేలోగా అక్క చెప్పింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "నాలుగు ఉండాల్సిన కాడ మూడు పెట్టి నన్ను కూసోవెడ్తవా? ఒద్దు. అయ్యేది కాదని తెలిసిపాయె గదా. గా గేటు రెండో రెక్క ఇప్పుండ్రి. పొద్దుగాల ట్రాలీ లోపలికి రావాలె."

బావ కటింగ్ ప్లేయరు తీసుకుని గేటు దగ్గరికి నడిచాడు. పొద్దుటి నుంచి నన్ను ఆడించిన మనిషి నోట్లో ఒక్క మాట లేదు. అది నాకు బాగా లేదు. వెనకే వెళ్లి రెక్క పడిపోకుండా పట్టుకున్నాను. పదేళ్ల తీగ, చుట్ల మీద చుట్లు. ఆ రెక్క పై బందు వదులై వాలిపోతుంటే కట్టింది. ఆ బందుకు బోల్టు వేసింది నేనే. నట్టు మూడు చుట్లు ఎక్కి ఆగిపోతే, తుప్పు పడితే అదే పట్టుకుంటుందిలే అని చెప్పి వచ్చాను. వానాకాలంలో ఆ నట్టు ఊడింది. అప్పట్నుంచి బావ నన్ను గేటు ఇంజనీరు అని పిలుస్తాడు.

మూడు చుట్లు.

"బావా, తీగ ఆపు."

"మల్ల ఏంది?"

చేతిలో ఇంకా అదే పానా ఉంది, అట్టముక్కతో సహా. గేటు బందు బోల్టు తలకు పెట్టాను. రెండుసార్లు వేసిన ఆకుపచ్చ పెయింటు కొంచెం పెచ్చులు లేచింది. పానా టక్కున కూర్చుంది. ఇటు కదలదు, అటు కదలదు.

బావ నా వైపు చూశాడు. పానా వైపు చూశాడు. తర్వాత తన ఇంటి లోపలికి వినబడేలా అరిచాడు.

"ఏమే! నాలుగోది దొరికింది! పదేండ్ల సంది నీ గేటు మోస్తున్నది!"

పెయింటు కింద ఉండడం వల్ల మర పాడవలేదు. కిరసనాయిలులో నానబెట్టి, తీగ బ్రష్షుతో తోమి, డైరీ గీతల మీద పెట్టాను. కూర్చుంది. ఎండ తగ్గింది కాబట్టి అక్క దాన్ని ఇంకో బోల్టు పక్కన పెట్టి ట్యూబు లైటుకు చూపించింది. వెలుతురు రాలేదు. పళ్లు ఒక్కటీ విరగలేదని భూతద్దంతో చూసి, డైరీలో రాసి, అప్పుడు బావకిచ్చాను. ఆయన వేళ్లతో తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో చుట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి మా అందరినీ చూశాడు, కావాలనే. తర్వాత చివరిదాకా తిప్పేశాడు.

గేటు బందుకు కొత్త బోల్టు కావాలి కదా. అటు పక్కన పోసిన గుట్టలోంచి ఒకటి, ఎనిమిది నట్టుల సీసాలోంచి ఒకటి తీశాను. నట్టు తడబడకుండా ఎక్కి బిగిసింది. రెక్క నిటారుగా నిలబడింది. బావ గేటును మూడుసార్లు తెరిచి మూసి, పదకొండేళ్లకు రెండు పనులు చేసి పెట్టినందుకు నాకు వంగి దండం పెట్టాడు. నా భార్య డైరీని తన సంచిలోనే పెట్టుకుంది. మిగతా పేజీలు ఇంటి దగ్గర చదువుతుందట.

మరుసటి రోజు పొద్దున ఏడున్నరకు మేమిద్దరం మళ్లీ ఉప్పల్‌లో ఉన్నాం. నాలుగు బోల్టులూ ఇంకోసారి పానాతో చూసుకున్నాను. అయిదో కిక్కుకు ఇంజను అందుకుంది. అక్క మంచి చీర కట్టుకుంది. కూరగాయలకే కదా అంటే, మడత నలిగిపోతుందని తీశానంది. తొట్టిలో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, బావను చూసి "పోనియ్యి" అంది. గేటు రెండు రెక్కల మధ్య నుంచి బండీ తొట్టీ కలిసి బయటికి వెళ్లాయి.

తొమ్మిదికి రావాలి. తొమ్మిదిన్నర అయింది. బావ ఫోన్ ఎత్తలేదు. నా భార్య గేటు దగ్గరికీ, నేను వీధి చివరికీ తిరిగాం. ఆ క్లాంపును నేను తలలో ఎన్నిసార్లు విప్పి బిగించానో లెక్క లేదు. పదికి అయిదు నిమిషాలుండగా పాత సామాన్ల ఆయన ట్రాలీ ఆటోతో వచ్చి గేటు ముందు ఆగాడు. ఆయన రావడం, ఆ చప్పుడు వినబడడం ఒకేసారి జరిగాయి. గల్లీలోకి బండి తిరిగింది. దాని చక్రాల మీద అదే వచ్చింది. బావ ముఖం చూడకుండానే దూరం నుంచి తెలిసిపోతోంది ఆయన ఎంత నిటారుగా కూర్చున్నాడో.

"ఆలస్యమెందుకైంది?" అన్నాను.

"మీ అక్కనే అడుగు. ఏఎస్ రావు నగర్ కాడ ఆపుతుంటె ఇంకజర ముంగటికి పోనియ్యమన్నది. జర జర అనుకుంట పోచారం దాక పోయినం."

అక్క నా చెయ్యి పట్టుకుని తొట్టిలోంచి దిగింది. క్లాంపు మీద ఒకసారి చెయ్యి వేసి, "నాలుగున్నయి, రాస్కో" అంది. పాత సామాన్ల ఆయన ఏం తీసుకెళ్లాలి అమ్మా అని అడిగాడు. అక్క అటూ ఇటూ చూసింది. గేటు పక్కన నిన్న విప్పిన తీగ చుట్ట పడి ఉంది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది.

"గింతేనా?" అన్నాడాయన, ఒక్క తీగ చుట్ట కోసం ఇంత దూరం వచ్చిన ట్రాలీ వైపు చూసుకుంటూ.

"గింతే" అంది అక్క. తర్వాత సంచి తెరిచి లోపలికి చూసింది. అందులో ఒక కొత్తిమీర కట్ట, రెండు సొరకాయలు ఉన్నాయి. బావ అప్పటికే బండి మీద కప్పడానికి గుడ్డ తెస్తున్నాడు.

"కప్పకు" అంది. "టమాటలు మర్చిపోయిన."